ఎంఆర్‌ఐ గదిలో అడుగుపెట్టే ముందు తెలుసుకోవలసినవి

న్యూఢిల్లీ: 2018 జనవరి 27న ముంబయిలోని నాయర్‌ ఆసుపత్రిలో 32 ఏళ్ల యువకుడొకరు ఎంఆర్‌ఐ గదిలో ప్రాణాలు కోల్పోయారు. ఆయన రోగి కాదు. స్కానింగ్‌కు వచ్చిన బంధువుకు తోడుగా వచ్చి, ఆక్సిజన్‌ సిలిండర్‌ పట్టుకొని లోపలికి వెళ్లారు. యంత్రంలోని అయస్కాంతం సిలిండర్‌ను, దానితో పాటు ఆయననూ క్షణాల్లో లాగేసింది. యంత్రం ఆపి ఉందని సిబ్బందిలో ఒకరు చెప్పడం వల్లనే ఆయన లోపలికి వెళ్లారని కుటుంబ సభ్యులు ఆరోపించారు.

ఎంఆర్‌ఐ నిజానికి ఎంతో సురక్షితమైన పరీక్ష. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండే రేడియేషన్‌ ఇందులో ఉండదు. కోత లేదు, నొప్పి లేదు. అయితే ఆ భద్రత అంతా గదిలోకి వెళ్లే ముందు జరిగే సన్నద్ధతపై ఆధారపడి ఉంటుంది. ఢిల్లీ వంటి నగరాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షకు రోజుల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. సన్నద్ధత లోపించి పరీక్ష వాయిదా పడితే మళ్లీ వరుసలో చివరికి చేరవలసిందే. రోగులు, వారి వెంట వచ్చేవారు తెలుసుకోవలసిన అంశాలు ఇవీ.

అయస్కాంతానికి విరామం లేదు

చాలామంది ఎంఆర్‌ఐ యంత్రాన్ని ఎక్స్‌రే యంత్రం వంటిదిగానే భావిస్తారు. మీట నొక్కితే పనిచేస్తుంది, ఆపితే ఆగిపోతుంది అనుకుంటారు. ఇది ప్రాణాంతకమైన అపోహ. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే ఎంఆర్‌ఐ యంత్రాల్లో ఉండేది అతివాహక అయస్కాంతం. మైనస్‌ 269 డిగ్రీల సెల్సియస్‌ వద్ద ఉండే ద్రవ హీలియంలో తీగచుట్టను ముంచి ఉంచుతారు. అంతటి చల్లదనంలో ఆ తీగకు విద్యుత్‌ నిరోధం ఉండదు. ఒకసారి ప్రవహింపజేసిన విద్యుత్తు అలా ప్రవహిస్తూనే ఉంటుంది. కనుక స్కానింగ్‌ జరగని వేళల్లోనూ, రాత్రి తాళం వేసిన తరువాత కూడా, కరెంటు పోయినా అయస్కాంత క్షేత్రం యథాతథంగా ఉంటుంది. చప్పుడు వినబడకపోవడం యంత్రం ఆగిందనడానికి గుర్తు కాదు.

ఈ శక్తిని టెస్లాలలో కొలుస్తారు. 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు సాధారణంగా వాడుకలో ఉన్నాయి. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. దూరం తగ్గేకొద్దీ ఆకర్షణ ఒక్కసారిగా పెరుగుతుంది. గుమ్మం వద్ద ఏమీ అనిపించని ఇనుప వస్తువు మరో రెండడుగులు వేసేసరికి చేతిలోంచి దూసుకుపోతుంది.

నాయర్‌ ఆసుపత్రి ఘటన ఒక్కటే కాదు. 2014 నవంబరులో నవీ ముంబయి ఖార్‌ఘర్‌లోని టాటా మెమోరియల్‌ పరిశోధన కేంద్రంలో ఇద్దరు ఉద్యోగులు సిలిండర్‌కూ యంత్రానికీ మధ్య కొన్ని గంటలపాటు చిక్కుకుపోయారు. 2001లో న్యూయార్క్‌ సమీపంలోని ఒక వైద్యకేంద్రంలో ఆరేళ్ల బాలుడు పరీక్ష జరుగుతుండగా ఇదే తరహాలో గాయపడి, తరువాత మరణించాడు. 2025 జులైలో అమెరికాలోని లాంగ్‌ ఐలాండ్‌లో భార్యకు సాయం చేసేందుకు గదిలోకి వెళ్లిన 61 ఏళ్ల వ్యక్తిని ఆయన మెడలోని బరువైన వ్యాయామపు గొలుసు యంత్రంలోకి లాగింది. మరుసటి రోజు ఆయన మరణించారు. నాయర్‌, లాంగ్‌ ఐలాండ్‌ ఘటనల్లో ప్రాణాలు పోయినవారు రోగులు కారు, వెంట వచ్చినవారు.

యంత్రం చేసే పని

మన శరీరంలో అధిక భాగం నీరు. నీటిలో హైడ్రోజన్‌ ఉంటుంది. హైడ్రోజన్‌ కేంద్రకాలు సూక్ష్మమైన అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో అవి ఒక వరుసకు వస్తాయి. అప్పుడు రేడియో తరంగాలను పంపితే ఆ వరుస చెదురుతుంది. తరంగాలు ఆపగానే అవి తిరిగి యథాస్థితికి వస్తూ సంకేతాలు వెలువరిస్తాయి. కండ, కొవ్వు, మెదడు, వాపు, కణితి ఒక్కొక్కటి ఒక్కో తీరున సంకేతమిస్తాయి. కంప్యూటరు వాటిని చిత్రాలుగా మలుస్తుంది. ఈ విధానానికి బాటలు వేసిన పాల్‌ లాటర్‌బర్‌, పీటర్‌ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్‌ బహుమతి లభించింది. మన దేశంలో ఎంఆర్‌ఐ 1980ల నడుమ ఢిల్లీలోనే, రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఇన్‌మాస్‌లో మొదలైంది.

రోగి దృష్టిలో ఇందులో గుర్తుంచుకోవలసినవి మూడు. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. రేడియో తరంగాలు లోహాన్ని, తడి బట్టను, ఒకదానికొకటి తాకిన చర్మాన్ని వేడెక్కించగలవు. వేగంగా మారే అదనపు అయస్కాంత క్షేత్రాలు పెద్ద శబ్దం చేస్తాయి. జాగ్రత్తలన్నీ ఈ మూడింటి నుంచి వచ్చినవే.

పత్రంలోని ప్రశ్నలకు సరైన జవాబులు

పరీక్షకు ముందు ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు. ఢిల్లీ పరిసరాల్లో అది సాధారణంగా ఆంగ్లంలోనో హిందీలోనో ఉంటుంది. ఎదురుచూసి అలసిన రోగి, ఆ భాష అంతగా రాని బంధువు అన్ని గళ్లలో ‘లేదు’ అని రాసి సంతకం చేయడం పరిపాటి. నిజమైన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. పత్రంలో కనిపించే ‘ఇంప్లాంట్‌’ అనే మాట చాలా ఇళ్లలో వాడుకలో లేదు. మనవాళ్లు ‘గుండెకు బ్యాటరీ పెట్టారు’, ‘స్టంటు వేశారు’, ‘కాలికి రాడ్డు వేశారు’, ‘తలలో క్లిప్పు పెట్టారు’ అంటారు. పత్రం అడిగేది వీటి గురించే. ‘మీ శరీరంలో వైద్యులు పెట్టిన వస్తువు ఏదైనా ఉందా?’ అని పెద్దలను అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది.

గుండె బ్యాటరీ: పేస్‌మేకర్‌, డీఫిబ్రిలేటర్‌ ఉన్నవారికి ఒకప్పుడు ఎంఆర్‌ఐ పూర్తిగా నిషిద్ధం. నిర్దిష్ట షరతులతో ఎంఆర్‌ఐకి అనుకూలించే పేస్‌మేకర్‌కు అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తొలి అనుమతి ఇచ్చింది. నేడు అనేకం అటువంటివే. అయినా పరీక్షకు ముందు హృద్రోగ విభాగం వారు దాని అమరికను మార్చాలి, పరీక్ష తరువాత మళ్లీ సరిచేయాలి. పేస్‌మేకర్‌ అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు లేకుండా ఈ నిర్ణయం తీసుకోలేరు.

గుండె స్టెంటు: ఇప్పుడు వాడుకలో ఉన్న దాదాపు అన్ని గుండె స్టెంట్లతోనూ పరీక్ష చేయించుకోవచ్చు. అయినా ఎప్పుడు, ఎక్కడ వేశారో తెలిపే డిశ్చార్జి పత్రం చూపాలి.

మెదడులోని క్లిప్పు: మెదడు రక్తనాళపు ఉబ్బుకు పెట్టే క్లిప్పుల్లో పాత రకాలు కొన్ని అయస్కాంతానికి కదులుతాయి. అది ప్రాణాంతకం. క్లిప్పు రకం రాతపూర్వకంగా రుజువయ్యే వరకు పరీక్ష చేయరాదు. తలలో నీరు తగ్గించేందుకు అమర్చిన గొట్టం అయస్కాంతంతో సర్దుబాటు చేసే రకమైతే, పరీక్ష అనంతరం దాని అమరికను తనిఖీ చేయించాలి.

కాక్లియర్‌ ఇంప్లాంట్‌: చెవి వెనుక చర్మం కింద అమర్చే ఈ పరికరంలో చిన్న అయస్కాంతం ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం కింద ఎందరో చిన్నారులు ఈ శస్త్రచికిత్స పొందారు. వారిలో తొలి తరం ఇప్పుడు యువతీయువకులు. చిన్నతనంలో జరిగిన శస్త్రచికిత్స కాగితాలు తల్లిదండ్రుల వద్దే ఉండిపోయి ఉండవచ్చు. పై భాగం తీసివేసినంత మాత్రాన సరిపోదు. లోపలి భాగం ఏ సంస్థది, ఏ నమూనా అన్నది తెలియాలి.

కంట్లో ఇనుప రజను: వెల్డింగ్‌, లేత్‌, గ్రైండింగ్‌ పనిచేసేవారికి ఎప్పుడో కంట్లో పడిన సన్నని ఇనుప ముక్క అక్కడే ఉండిపోవచ్చు. నొప్పి తగ్గిపోయి మరిచిపోయి ఉంటారు. అయస్కాంత క్షేత్రంలో అది కదిలితే చూపు పోయే ప్రమాదముంది. ఫరీదాబాద్‌, గురుగ్రామ్‌ కర్మాగారాల్లోనో, హైదరాబాద్‌ బాలానగర్‌, జీడిమెట్లలోనో పనిచేసినవారు ఈ సంగతి తప్పక చెప్పాలి. అనుమానముంటే ముందుగా కళ్లకు ఎక్స్‌రే తీస్తారు.

ఎముకలకు వేసిన రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు, కృత్రిమ మోకాళ్లు సాధారణంగా అడ్డంకి కావు. ఇటీవలివి చాలావరకు టైటానియంతో చేసినవి. అయితే వాటి చుట్టూ చిత్రం చెదురుతుంది కనుక ముందే చెబితే తగిన పద్ధతిలో తీస్తారు. గర్భనిరోధక కాపర్‌-టీ, పళ్లలో నింపిన సిమెంటు వల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇన్సులిన్‌ పంపు, చేతికి అంటించుకొనే చక్కెర కొలిచే సెన్సర్‌, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు తీసివేయాలి. లోహపు పొర ఉన్న మందు పట్టీలు చర్మాన్ని కాల్చగలవు కనుక వాటినీ తొలగించాలి.

ఒంటిమీది నగలు, దుస్తులు

బంగారం, వెండి అయస్కాంతానికి అంటుకోవు. అందువల్ల వాటిని ఉంచుకోవచ్చన్న వాదన తరచూ వినిపిస్తుంది. అయితే అవి మంచి విద్యుత్‌ వాహకాలు. రేడియో తరంగాలకు వేడెక్కి చర్మాన్ని కాల్చగలవు, చిత్రాన్నీ చెడగొడతాయి. కొలికిలో ఉండే చిన్న స్ప్రింగు ఉక్కుది కావచ్చు.

తెలుగు స్త్రీలు ఎక్కువగా సంకోచించేది మంగళసూత్రం విషయంలో. ఇందుకు మన సంప్రదాయంలోనే మార్గముంది. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి ధరించి, సూత్రాలను, నల్లపూసలను ఇంట్లోనే భద్రపరచి రావచ్చు. నూలు తాడుకు, పసుపుకొమ్ముకు అభ్యంతరం ఉండదు. మెట్టెలు, పట్టీలు, గాజులు, వెండి మొలతాడు, రక్షరేకు, లోహపు తాయెత్తు తీయాలి. ఏళ్ల తరబడి తీయని ముక్కుపుడక, బిగుసుకుపోయిన ఉంగరం పరీక్ష వేళకు రావు. ముందురోజే కంసాలి వద్దకు వెళ్లి తీయించుకోవడం మేలు.

కనబడనివి మరింత ప్రమాదకరం. చీరకు, పైటకు పెట్టిన పిన్నీసులు, జడలోని పిన్నులు, సవరంలోని తీగ, జాకెట్టు హుక్కులు, జరీ అంచు, లోదుస్తుల కొక్కేలు, ప్యాంటు జిప్పు అన్నీ లోహాలే. కొన్ని వ్యాయామ దుస్తుల్లో చెమట వాసన రాకుండా వెండి పోగులు నేస్తారు. అవి కాలిన గాయాలు చేసిన సందర్భాలున్నాయి. ఆసుపత్రి ఇచ్చే వస్త్రం ధరించడమే అన్నింటికన్నా క్షేమం. కాటుక, కనురెప్పల రంగు, మెరుపు పూతల్లో లోహపు రజను ఉండవచ్చు. తల, కళ్ల పరీక్షకు ముఖం శుభ్రంగా కడుక్కొని వెళ్లాలి. పచ్చబొట్టు అరుదుగా వేడెక్కుతుంది. మంట అనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఫోను, చేతి గడియారం, తాళాలు, నాణేలు, కళ్లజోడు, ఏటీఎం కార్డు బయటే ఉంచాలి. అయస్కాంత పట్టీ ఉన్న కార్డులు పాడవుతాయి.

ఆహారం, మందులు, మత్తు

మెదడు, వెన్నెముక, మోకాలు వంటి పరీక్షలకు పస్తుండవలసిన అవసరం సాధారణంగా లేదు. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ మందులు యథావిధిగా వేసుకోవాలి. కాలేయం, పిత్తవాహిక వంటి ఉదర పరీక్షలకు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదని చెబుతారు. మధుమేహులు ఈ విషయం ముందే తెలిపి ఉదయపు వేళ కోరాలి. పస్తున్నప్పుడు ఇన్సులిన్‌ ఎంత తీసుకోవాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మత్తు ఇచ్చి చేసే పరీక్షలకు నియమాలు కఠినం. ఘనాహారం ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీరు రెండు గంటల ముందు ఆపాలి. ఏడుస్తోందని బిడ్డకు చాటుగా పాలు పట్టడం ప్రమాదం. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. మత్తు తీసుకున్నవారు ఆ రోజు బండి నడపరాదు, ఒంటరిగా ఇంటికి వెళ్లరాదు.

కాంట్రాస్ట్‌ మందు ఎక్కించేటప్పుడు

కొన్ని పరీక్షల్లో స్పష్టత కోసం నరంలోకి గడోలినియం అనే లోహం కలిసిన మందు ఎక్కిస్తారు. చాలామందికి దీనితో ఇబ్బంది ఉండదు. అలర్జీ అరుదు. గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి విషయంలో జాగ్రత్త అవసరం. ఈ మందు పాత రకాలకు, చర్మం గట్టిపడి కీళ్లు బిగుసుకుపోయే ఒక తీవ్ర వ్యాధికి సంబంధముందని 2006లో గుర్తించారు. కొత్త రకాలతో ఆ ముప్పు అతి స్వల్పం. ఏ రకం వాడాలన్న నిర్ణయానికి క్రియాటినిన్‌ పరీక్ష ఫలితం ఉపకరిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంత విస్తృతమో తెలిసిందే. అక్కడి నుంచి ఉపాధి కోసం ఉత్తరాదికి వచ్చినవారు తాజా రక్తపరీక్ష నివేదికను వెంట తీసుకువెళ్లడం మంచిది. డయాలసిస్‌ చేయించుకొంటున్నవారు ఆ సంగతి తప్పనిసరిగా చెప్పాలి.

గర్భిణులు, గర్భం దాల్చి ఉండవచ్చన్న అనుమానం ఉన్నవారు ముందే తెలపాలి. అవసరమైతే గర్భిణులకు ఎంఆర్‌ఐ చేస్తారు గానీ గడోలినియం సాధారణంగా వాడరు. బాలింతలకు ఆ మందు ఎక్కించినా పాలలోకి వెళ్లేది అత్యల్పం. పాలివ్వడం కొనసాగించవచ్చు.

ఇరుకు, చప్పుడు, భయం

యంత్రపు సొరంగం వ్యాసం సాధారణంగా 60 సెంటీమీటర్లు, కొత్త వాటిలో 70 సెంటీమీటర్లు. ఇరుకు ప్రదేశాలంటే భయపడేవారు దాన్ని దాచుకోనవసరం లేదు. అపాయింట్‌మెంటు తీసుకొనేటప్పుడే చెబితే వెడల్పయిన యంత్రం ఉన్న కేంద్రాన్ని సూచిస్తారు. అవసరమైతే వైద్యుడు తేలికపాటి మందు రాస్తారు. మోకాలు, మడమ పరీక్షలకు పలు యంత్రాల్లో తల సొరంగం బయటే ఉంటుంది. ఈ సంగతి తెలిస్తేనే సగం దిగులు తీరుతుంది.

లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోవడం, మీదుగా వస్త్రం వేయమని కోరడం, మెల్లగా ఊపిరి లెక్కపెట్టడం ఉపకరిస్తాయి. చేతికిచ్చే రబ్బరు బంతిని నొక్కితే సిబ్బంది వెంటనే స్పందిస్తారు. దాన్ని పరీక్ష మొదలవకముందే ఒకసారి నొక్కి చూడాలి. శబ్దం 100 డెసిబెల్స్‌ దాటవచ్చు. చెవుల్లో దూదిపింజ చాలదు. ఇయర్‌ ప్లగ్‌లు లేదా హెడ్‌ఫోన్లు అడిగి తీసుకోవాలి. సుత్తితో కొట్టినట్లు, డప్పు మోగినట్లు వచ్చే ఆ చప్పుడు యంత్రం చెడిపోయిందనడానికి సూచన కాదు.

పరీక్షకు భాగాన్ని బట్టి 15 నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది. కదిలితే చిత్రం మసకబారి మళ్లీ తీయవలసి వస్తుంది. కనుక ముందుగా మూత్రవిసర్జన చేసి వెళ్లాలి. నడుము నొప్పి ఉన్నవారు మోకాళ్ల కింద దిండు అడగవచ్చు. చేతులు జోడించి గానీ కాళ్లు పెనవేసి గానీ పడుకోకూడదు. చర్మం చర్మానికి తాకిన చోట వేడి పుట్టి కాలవచ్చు. ఒంట్లో కొద్దిపాటి వెచ్చదనం సహజం. ఒక్కచోట చురుక్కుమంటే మాత్రం ఓర్చుకోకుండా బంతి నొక్కాలి.

ఢిల్లీలో భాష

తెలుగు రాష్ట్రాల నుంచి చికిత్స కోసం ఢిల్లీకి వచ్చేవారికి, పిల్లల వద్ద ఉంటున్న పెద్దలకు యంత్రంలో ఒంటరిగా పడుకున్నప్పుడు వినిపించేది హిందీ. ఉదరం, గుండె పరీక్షల్లో ఊపిరి బిగబట్టమని పదేపదే చెబుతారు. ఆ నాలుగు మాటలు ముందురోజు ఇంట్లోనే సాధన చేయిస్తే పరీక్ష సాఫీగా సాగుతుంది. ‘సాఁస్‌ లీజియే’ అంటే ఊపిరి పీల్చండి. ‘సాఁస్‌ రోకియే’ అంటే బిగబట్టండి. ‘సాఁస్‌ ఛోడియే’ అంటే వదలండి. ‘హిలియే మత్‌’ అంటే కదలవద్దు. రెండోదానికీ మూడోదానికీ తేడా తెలియక ఊపిరి వదిలేస్తే మళ్లీ మొదలుపెట్టవలసిందే. 15 నుంచి 20 సెకన్లు ఊపిరి బిగబట్టడం కష్టమైతే ముందే చెప్పాలి.

ప్రశ్నాపత్రం అర్థం కాకపోతే ఖాళీగా ఉంచి సిబ్బందిని అడగాలి. ఊహించి రాయకూడదు.

వెంట వచ్చేవారికి

రోగిని అడిగే ప్రశ్నలన్నీ లోపలికి వెళ్లే సహాయకుడికీ వర్తిస్తాయి. ఆయన గుండెలోనూ బ్యాటరీ ఉండవచ్చు, ఆయన జేబులోనూ తాళాల గుత్తి ఉండవచ్చు. ఆక్సిజన్‌ సిలిండర్‌, చక్రాల కుర్చీ, స్ట్రెచర్‌, సెలైన్‌ స్టాండు, ఊతకర్ర ఏదీ ఎవరు చెప్పినా సొంతంగా లోపలికి తీసుకువెళ్లరాదు. ఎంఆర్‌ఐ గదికి పనికొచ్చే ప్రత్యేక పరికరాలను సిబ్బందే తెస్తారు. ఏదైనా వస్తువు యంత్రానికి అతుక్కుంటే దాన్ని లాగే ప్రయత్నం చేయకుండా బయటకు వచ్చి సిబ్బందికి తెలపాలి. లోపలి నుంచి పిలుపు వినిపించినా కంగారుపడి పరుగెత్తరాదు. లాంగ్‌ ఐలాండ్‌ ఘటనలో భార్య పిలుపు విని వెళ్లడమే విషాదానికి దారితీసింది.

ముందురోజు సరిచూసుకోవలసినవి

వైద్యుడి సిఫారసు చీటీ, పాత ఎక్స్‌రేలు, స్కాన్ల ఫిల్ములు, సీడీలు, నివేదికలు ఒక సంచిలో పెట్టుకోవాలి. పాత చిత్రంతో పోల్చినప్పుడే వ్యాధి తగ్గిందో పెరిగిందో తేలుతుంది. శరీరంలో అమర్చిన పరికరాల కార్డులు, శస్త్రచికిత్స పత్రాలు, క్రియాటినిన్‌ నివేదిక, వాడుతున్న మందుల జాబితా అందులోనే ఉండాలి. నగలు ఇంట్లో పెట్టి, హుక్కులూ జిప్పులూ లేని వదులైన నూలు దుస్తులతో నిర్ణీత సమయానికి అరగంట ముందే చేరాలి.

పరికరం కార్డు పోయి ఉంటే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి ఫోను చేసి, పరికరం పేరు, నమూనా సంఖ్య రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అది అందే వరకు పరీక్ష వాయిదా పడినా ఫర్వాలేదు. అత్యవసరమైతే సీటీ, అల్ట్రాసౌండ్‌ వంటి ప్రత్యామ్నాయాలు ఏవి సరిపోతాయో వైద్యుడు నిర్ణయిస్తారు.